ఐసీయూ ఇన్‌చార్జ్ అయిన మేనకోడలికి

సుజనా,

నిన్ను ఐసీయూ ఇన్‌చార్జ్‌ని చేశారనీ, ఇక మీ వార్డు నుంచి ఒక్క నర్సు పిల్లనీ మానేసి పోనివ్వనని పంతం పట్టావనీ మీ నాన్న చెప్పాడు. పొంగిపోయాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

జర్మనీకి పోయేవాళ్లను నువ్వు ఆపలేవు. అందుకోసం బీ2 జర్మన్ భాష పరీక్షకు చదువుకునే పిల్లను చూసి మూతి ముడవకు. డ్యూటీ చార్టు నెల మొదలవక ముందే గోడకెక్కాలి. 50 మంది, ఆపైన పనిచేసేచోట పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని 2017లో చట్టమే వచ్చింది, అడుగు. మనసు బాగాలేనప్పుడు మాట్లాడే టెలిమానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416 డ్యూటీ రూములో అంటించు.

ఇక అసలు సంగతి. నేను చేసిన ఒక ఆసుపత్రిలో మేట్రన్, అంటే నర్సులందరికీ పెద్ద, మంచి మనిషే. పిల్లలు అలిసిపోతున్నారని ముందు కనిపెట్టింది ఆవిడే. మే 12న నర్సుల దినోత్సవానికి యోగా క్లాసు పెట్టించింది. ఎప్పుడనుకున్నావు? పొద్దున ఎనిమిదిన్నరకి, నైట్ దిగినవాళ్లు కూడా ఉంటారని! పైగా హాజరు పట్టీ. రాత్రంతా నిలబడ్డ పిల్లలు శవాసనమనగానే నిజంగానే నిద్రపోయారు. ఫొటో కోసం లేపారు. పదిన్నరకు వదిలాక ఒక పిల్ల స్కూటీ మీద కునికి డివైడర్‌ని గుద్దింది. తొడ ఎముక విరిగింది. మా ఆర్థో వార్డులోనే పడుకోబెట్టాం. మేట్రన్ పళ్లు పట్టుకొస్తే, "ఇంటికి పొమ్మనుంటే నిద్రపోయేదాన్ని కదా మేడం" అంది, అంతే. కాలు కుదిరాక రాజీనామా ఇచ్చింది. ఆమె నైట్లు మిగతావాళ్ల మీద పడ్డాయి. వాళ్లలోనూ కొందరు వెళ్లిపోయారు.

అందుకే చెప్తున్నా, నీ నర్సులకు ముందు ఆఫ్ ఇవ్వు. ఐసీయూలో మంచానికో నర్సు, సెలవులకని పైన 30 శాతం మంది ఉండాలన్నది నర్సింగ్ కౌన్సిల్ లెక్క. కోత పడేది ఆ 30 శాతానికే. అది లేకపోతే ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరి ఆఫ్ పోతుంది, రమ్మని ఫోన్ చెయ్యాల్సింది నువ్వే. నీ మొహమాటం నాకు తెలియదా? ఎవరినీ అడగలేక డబుల్ డ్యూటీ నువ్వే చేస్తావు. చేశావో, వచ్చి చెవి మెలిపెడతా. నైట్ దిగిన రోజు బండి తియ్యకు తల్లీ. ఆటో డబ్బులు నేనిస్తా, పింఛను వస్తోందిగా.

మంచాలెన్ని, స్టాఫ్ ఎందరు, ఖాళీలెన్ని, ఈ నెలలో రద్దయిన ఆఫ్‌లెన్ని, అన్నీ రాసి పంపు. సూపరింటెండెంటుకు అర్జీ నేను రాసిపెడతా. అందులో నాకు బాగా చెయ్యి తిరిగింది.

మీ అత్తయ్య