‘ఉపసంహరణ’ పసిబిడ్డకు వర్తిస్తుందా?

సందేహం: తల్లి గర్భంలో మత్తుపదార్థాలకు అలవాటుపడిన బిడ్డల్లో పుట్టాక కనిపించే ‘విత్‌డ్రాయల్’ లక్షణాల పట్టికను మా వార్డు కోసం తెలుగు చేస్తున్నాం. ‘ఉపసంహరణ లక్షణాలు’, ‘వ్యసన శిశువు’, ‘కలత చెందిన వణుకు’, ‘గట్టి ఏడుపు’ అని రాశాం. సరిపోతాయా?
– ఒక నర్సు, తిరుపతి

సమాధానం: నాలుగూ మార్చాల్సినవే. ఉపసంహరణకు కర్త కావాలి. నామినేషన్ వేసినవాడే ఉపసంహరించుకుంటాడు. అస్త్రాన్ని అర్జునుడు ఉపసంహరించాడు, అశ్వత్థామ చేతకాక ఉత్తర గర్భం మీదికి మళ్లించాడు. ఇక్కడ బిడ్డ చేసిందేమీ లేదు. బొడ్డుతాడు కోశాక తల్లి రక్తం నుంచి వచ్చే మందు ఆగిపోయింది, అంతే. ‘విరమణ’ అన్నా తనంతట తాను మానుకున్నట్టే ఉంటుంది. ‘మందు ఆగిన లక్షణాలు’ అనండి. పరిభాషలా లేదని పెదవి విరిచేవాళ్లు ఉంటే ఉండనివ్వండి.

వ్యసనం కోరి చేసేది. సప్తవ్యసనాల్లో జూదం, వేట, పానం ఉన్నాయి గానీ పుట్టుక లేదు! బిడ్డ శరీరం మందుకు అలవాటు పడింది, బిడ్డ వ్యసనపరుడు కాలేదు.

అసలు ప్రమాదం ‘కలత చెందిన వణుకు’తో. ఇంగ్లిష్ పట్టికలోని ‘డిస్టర్బ్‌డ్’ అంటే బిడ్డను కదిలించినప్పుడు అని. 1975లో ఫినెగన్ అనే అమెరికా వైద్యురాలు ఈ లక్షణాలకు మార్కులు వేయడానికి రూపొందించిన లెక్కలో, కదిలిస్తే వచ్చే తేలిక వణుకుకు 1, కదిలించకుండానే వస్తే 3. మొత్తం మార్కులు వరుసగా మూడుసార్లు 8 గానీ, రెండుసార్లు 12 గానీ, లేదా అంతకుమించి గానీ వస్తే చాలాచోట్ల బిడ్డకు మందుతో చికిత్స మొదలుపెట్టే ఆలోచన చేస్తారు. అంటే ఒక్క మాట పొరపాటుతో రెండు మార్కులు అటూ ఇటూ అవుతాయి. ‘కదిలిస్తే వణుకు’, ‘కదిలించకుండానే వణుకు’ అని రాయండి. రక్తంలో చక్కెర, కాల్షియం తగ్గినా బిడ్డ వణుకుతుంది కాబట్టి వణుకు చూడగానే జబ్బు పేరు పెట్టేయకూడదు.

ఏడుపులో చూడాల్సింది గట్టితనం కాదు, స్వరస్థాయి (పిచ్). ‘కీచు ఏడుపు’ సరైన మాట. ఆకలేసిన బిడ్డ కూడా గట్టిగానే ఏడుస్తుంది. అందుకే పాలు తాగాక, 3–4 గంటలకోసారి మార్కులు వేస్తారు. ఉలికిపాటును మీ వైపు తల్లులు ‘జడుసుకుంటా ఉంది’ అంటారు, ఆ మాటనూ పక్కన చేర్చండి.

వర్గీకరణ కోడ్‌లలోనూ తెలుగు తడబడుతుంది. జబ్బులకు కోడ్‌లిచ్చే అంతర్జాతీయ పట్టిక ఐసీడీ–10లో పీ04.4 తల్లి వాడిన వ్యసనకారక మందుల ప్రభావం బిడ్డ మీద పడటానికి, పీ96.1 అవి ఆగినందువల్ల వచ్చే లక్షణాలకు. రెంటినీ ‘మందు ప్రభావం’ అంటే తేడా పోతుంది. పీ96.2 వేరు, అది నవజాత శిశువుకు చికిత్సగా వాడిన మందులు ఆగినప్పటిది.

ఇక తల్లిని అడిగే ప్రశ్న. ‘మందు తీసుకుంటారా?’ అంటే సారా అనుకుని చిన్నబుచ్చుకుంటుంది. ‘మత్తుమందు?’ అంటే ‘ఆపరేషన్‌కు ఇచ్చినారు కదా’ అంటుంది. ‘కడుపుతో ఉన్నప్పుడు నొప్పి మాత్రలు, నిద్రమాత్రలు, దగ్గు సిరప్ ఎక్కువ రోజులు వాడినారా? చివరిసారి ఎప్పుడు?’ అని విడివిడిగా అడగండి.