ట్యూబ్ యాంప్ సెలెక్టర్ 4, 8, 16 ఓమ్స్‌లో దేనికి పెట్టాలి?

మీ దగ్గర గిటార్ ట్యూబ్ హెడ్ (స్పీకర్లు లేని విడి యాంప్) ఉంది, సెకండ్‌హ్యాండ్‌లో నాలుగు స్పీకర్ల క్యాబినెట్ దొరికింది, యాంప్ వెనక స్పీకర్ ఓమ్స్ (కరెంటుకి స్పీకర్ ఇచ్చే నిరోధం) ఎంచుకునే సెలెక్టర్ ఎంతకు పెట్టాలని అడిగారు. క్యాబినెట్ ఎన్ని ఓమ్స్ అయితే అంతకే పెట్టాలండి. కాకపోతే వెనక రాసి ఉన్న అంకెను మాత్రం నమ్మకండి. నేను నమ్మి దెబ్బతిన్నాను.

నేను కొన్న పాత క్యాబినెట్ మీద 16 అని ఉంది. సెలెక్టర్ 16కి పెట్టి ప్రాక్టీస్ మొదలుపెట్టాం. అరగంటయినా శబ్దం విచ్చుకోలేదు, ముద్దగానే ఉంది. యాంప్ వెనక చెయ్యి పెడితే ఎప్పుడూ లేనంత సెగ. వెంటనే ఆపేశాను.

ఇంటికొచ్చి క్యాబినెట్‌కి స్పీకర్ కేబుల్ గుచ్చి, రెండో కొసన ఉన్న ప్లగ్ మొనకీ ఒంటికీ మల్టీమీటర్ తగిలించాను. 3.1 చూపించింది! వెనక చెక్క విప్పితే సంగతి తెలిసింది. నాలుగూ 16 ఓమ్స్ స్పీకర్లే, కానీ ఎవరో అన్నిటినీ పారలల్‌లో కలిపేశారు. అంటే మొత్తం 4 ఓమ్స్. రెండేసి సిరీస్‌లో కలిపి, ఆ రెండు జతల్నీ పారలల్ చేస్తేనే 16 వస్తుంది. వైర్లు మళ్ళీ సోల్డర్ చేశాక మీటర్ 12.6 చూపింది.

స్పీకర్ మీద రాసే ఓమ్స్ శబ్దం నడిచేటప్పటి (ఏసీ) నిరోధం; మీటర్ కొలిచేది డీసీ రెసిస్టెన్స్ కాబట్టి అసలు విలువకంటే తక్కువే చూపిస్తుంది. 6 దగ్గర వస్తే 8 ఓమ్స్, 12-13 వస్తే 16, 3 వస్తే 4 అనుకోండి. కొలిచేటప్పుడు యాంప్ నుంచి కేబుల్ తీసేయాలి.

ఇంత పట్టింపు ఎందుకంటే, స్పీకర్ లోడ్‌ని (అంటే దాని ఓమ్స్‌ని) ట్యూబులకీ స్పీకర్‌కీ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్ని వేల ఓమ్స్‌గా మార్చి ట్యూబులకు చూపిస్తుంది. స్పీకర్ ఓమ్స్ నాలుగో వంతుకు పడిపోతే అక్కడా నాలుగో వంతే. కరెంటు పెరిగి ట్యూబులు త్వరగా అరిగిపోతాయి.

అంతకన్నా ప్రమాదం, స్పీకర్ లేకుండా ట్యూబ్ యాంప్ వాయించడం. వోల్టేజి ఎగిసిపడి ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇన్సులేషన్ కాలిపోవచ్చు. దయచేసి ఒక్క నిమిషం కూడా ఆ పని చేయకండి. గిటార్ కేబుల్‌ని స్పీకర్‌కి వాడకండి, లోపలి తీగ మరీ సన్నం.

ట్రాన్సిస్టర్ యాంప్ సంగతి వేరు. దాని మీద రాసిన కనీస ఓమ్స్ కంటే కిందికి దిగకూడదు, అంతే. 8 ఓమ్స్ అని రాసిన ట్రాన్సిస్టర్ యాంప్‌కి 16 ఓమ్స్ క్యాబినెట్ కలిపితే పవర్ సుమారు సగమవుతుంది, యాంప్‌కి ఏమీ కాదు.

మళ్ళీ ట్యూబ్ హెడ్ సంగతికొస్తే, మీ క్యాబినెట్ 16 అయి, రేపు మీరు రెండో 16 ఓమ్స్ క్యాబినెట్ తెచ్చి పక్క జాక్‌లో గుచ్చితే, ఆ జాకులు మామూలుగా పారలల్‌లోనే ఉంటాయి కాబట్టి మొత్తం 8 అవుతుంది. సెలెక్టర్ 8కి మార్చాకే స్టాండ్‌బై స్విచ్ (ట్యూబులు వేడెక్కాక శబ్దం వచ్చేలా చేసే స్విచ్) వేయండి.