మా కర్రికి దెబ్బ తగిలినప్పుడు వీధంతా కలిసి చూసుకున్నాం

మీ వీధి కుక్కను బైక్ గుద్దిందని, వెనక కాళ్లు లేపలేకపోతోందని, ఒక్కరే ఎలా చూసుకోవాలో తెలియడం లేదని రాశారు. రెండేళ్ల కిందట గుంటూరులో మా వీధిలో ఇలాగే జరిగింది. ముందు ఆ ‘ఒక్కరే’ అన్న ఆలోచన వదిలేయండి. ఇరుగుపొరుగును అడగండి.

మా వీధి కుక్క కర్రిని ట్రాలీ ఆటో గుద్దింది. నేను పరుగెత్తుకెళ్లి దాని నడుం కింద చెయ్యి పెట్టాను. రోజూ నా చేతి అన్నం తినే కుక్క, నా మణికట్టు కరిచేసింది. నొప్పికి కరిచింది, దాని తప్పేం లేదు. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడుక్కుని, రేబిస్ టీకాలు మొత్తం వేయించుకున్నాను. అందుకే చెబుతున్నాను, ముందు పాత చున్నీతో మూతి కట్టండి. ఆయాసపడుతున్నా, వాంతి చేసుకుంటున్నా మాత్రం కట్టొద్దు. తర్వాత మెల్లగా దుప్పటి మీదికి జరిపి ఇద్దరు పట్టుకోండి. మాకు ఇస్త్రీ బండి అన్న ఒక చెక్క ఇచ్చాడు. దాని మీదే పడుకోబెట్టి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం.

ఎక్స్‌రేలో తుంటి ఎముక విరిగిందని, వెన్ను బాగానే ఉందని తెలిసింది. ఆపరేషన్ అక్కర్లేదు, ఆరు వారాలు కదలకుండా ఉంచితే చాలన్నారు డాక్టరుగారు. అసలు కష్టమంతా అందులోనే ఉంది. వీధిలో తిరిగే కుక్క ఒకచోట ఉంటుందా? మొదటి వారం రాత్రంతా ఏడ్చేది.

ఎదురింటి పిన్నిగారు మెట్ల కింద చోటిచ్చారు. వెల్డింగ్ షాపతను పాత గ్రిల్ తెచ్చి అడ్డం పెట్టాడు. పెరుగన్నం, ఉడకబెట్టిన గుడ్డు పిన్నిగారి వంతు. గోనెసంచులు మార్చడం, ఒకే వైపు పడుకుని ఒళ్లు పుండ్లు పడకుండా తిప్పి పడుకోబెట్టడం నా వంతు. సాయంత్రం మందులు పైవాటాలో ఉండే తమ్ముడు వేసేవాడు. వేసినవాళ్లు క్యాలెండర్ మీద టిక్కు పెట్టాలి, లేదంటే ఇంకొకరు మళ్లీ వేసేస్తారు. ఒకరోజు ఒకాయన జాలిపడి, మనుషులు వేసుకునే నొప్పి మాత్ర వేయబోయారు. దయచేసి అలా వేయకండి. ఐబుప్రోఫెన్ లాంటివి కుక్కల పొట్టను, కిడ్నీలను పాడుచేస్తాయి.

మేం చూసుకోని విషయం ఇంకోటుంది. అవి వానాకాలం రోజులు. తొడ మీద గీరుకున్న చిన్న పుండులో రెండు రోజుల్లోనే పురుగులు పడ్డాయి. డాక్టరుగారు వాటిని ఒక్కొక్కటీ తీస్తుంటే పిన్నిగారు కళ్లొత్తుకున్నారు. తోక కింద కూడా రోజూ టార్చి వేసి చూడండి.

ఐదో వారంలో కర్రి తనంతట తాను లేచి నాలుగడుగులు వేసింది. ఇప్పటికీ కాస్త కుంటుతుంది, కానీ పాల వ్యాన్ వస్తే అందరికంటే ముందు అదే ఉంటుంది.

ఈ రాత్రి మీరు చూడాల్సింది ఒకటుంది. మీ కుక్క మూత్రం పోస్తోందా లేదా? దెబ్బ తగిలినప్పటి నుంచి పోయకపోతే తెల్లారేదాకా ఆగకండి, ఇప్పుడే డాక్టరుకు ఫోన్ చేయండి.