ఆంట్‌వెర్ప్ కందకంలోకి దూకిన పద్నాలుగేళ్ల పిల్ల

"ఒలింపిక్స్ తొలినాళ్ల డైవర్లలో మీకు బాగా నచ్చినవారు ఎవరు, ఎందుకు?" అని అడిగారు. నాకు అమెరికా డైవర్ ఐలీన్ రిగిన్. ఎందుకో చెప్పాలంటే మా ఊరి మోటబావి దగ్గర మొదలుపెట్టాలి.

మా మేనమామ నడుముకు బెండ్లు కట్టి నాకు ఈత నేర్పాడు. పదేళ్లు వచ్చేసరికి బెండ్లు తీసేసి గట్టు మీది నుంచి దూకేదాన్ని. పిల్లలందరికీ ఒక పందెం ఉండేది. అడుగు దాకా మునిగి గుప్పెడు ఒండ్రు తెచ్చి చూపించాలి. ఖాళీ చేత్తో వస్తే లెక్కలోకి రాదు. ఒకసారి నా కాలు ఆ ఒండ్రులో చీలమండ దాకా దిగబడింది. నీళ్లలో ఏమీ కనబడటం లేదు. రెండో కాలితో తన్నుకుని ఎలాగో పైకి వచ్చేశాను. గోళ్ల సందుల్లో నల్ల మన్ను, చెవుల్లో హోరు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

1920లో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో జరిగిన ఒలింపిక్స్‌లో ఈత, డైవింగ్ పోటీలు జరిగింది ఇప్పటిలాంటి పూల్‌లో కాదు, నగర రక్షణ కోసం తవ్విన పాత కందకంలో. నీళ్లు వణికించేంత చల్లన, పైగా నల్లన. అడుగున బురదలో ఇరుక్కుపోతే ఈ నీళ్లలో నేను ఎవరికీ కనబడనేమో అని భయపడ్డానని ఐలీన్ పెద్దయ్యాక చెప్పుకుంది. ఆ సంగతి చదివినప్పుడు నా చీలమండ చుట్టూ మళ్లీ ఆ ఒండ్రు తగిలినట్టయింది.

అప్పటికి ఆమెకు 14 ఏళ్లే. నాన్న అమెరికా నౌకాదళంలో పనిచేయడం వల్ల చిన్నతనం కొంత ఫిలిప్పీన్స్‌లో గడిచింది, ఈత అక్కడే అబ్బింది. తర్వాత న్యూయార్క్‌లో మహిళల ఈత సంఘంలో చేరింది. ఇంత చిన్నపిల్లల్ని ఒలింపిక్స్‌కు ఎలా తీసుకెళ్తాం అని అధికారులు అడ్డం చెప్తే, పట్టుబట్టి ఒప్పించాల్సి వచ్చింది. ఆడవాళ్లకు స్ప్రింగ్‌బోర్డ్ డైవింగ్, అంటే ఊగే పలక మీది నుంచి ఎగిరి దూకే పోటీ పెట్టడం ఒలింపిక్స్‌లో అదే మొదటిసారి. స్వర్ణం ఐలీన్‌కు, రజతం ఆమె ఈడుదే అయిన హెలెన్ వెయిన్‌రైట్‌కు వచ్చాయి. వద్దన్న పిల్లలే గెలుచుకొచ్చారు!

1924లో పారిస్‌లో స్ప్రింగ్‌బోర్డ్‌లో రజతం, 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ (వెల్లకిలా ఈదడం)లో కాంస్యం. ఒకే ఒలింపిక్స్‌లో డైవింగ్‌లోనూ ఈతలోనూ పతకాలు తెచ్చుకోవడం మామూలు విషయం కాదు. రెండింటి ప్రాక్టీసు వేరు, ఒంటికి కావలసిన అలవాటు వేరు. 1926లో ప్రొఫెషనల్ అయ్యాక ప్రదర్శనలు ఇచ్చింది, సినిమాల్లో కనిపించింది, పత్రికలకు రాసింది.

నాకు ఇంకా ఇష్టమైనది ఆ తర్వాతి కథ. హవాయిలో స్థిరపడి, ఎనభై దాటాక కూడా పెద్దవాళ్లకు వయసుల వారీగా పెట్టే మాస్టర్స్ పోటీల్లో ఈది ఆ వయసువాళ్లలో ప్రపంచ రికార్డులు పెట్టింది. 2002లో 96 ఏళ్ల వయసులో పోయింది.

ఐలీన్ స్వర్ణం గెలిచిన వయసుకే నా ఈత ఆగిపోయింది. పెద్దమనిషివయ్యావు, ఇక బావి వైపు వెళ్లకు అన్నారు. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేదు, నా తరఫున పట్టుబట్టేవాళ్లూ లేరు. మళ్లీ నీళ్లలో దిగింది 43 ఏళ్లకు, సిటీలో మా ఇంటి దగ్గరి పూల్‌లో. మొదటి వారం మెట్ల దగ్గరే తచ్చాడాను. పక్కన ఆరేళ్ల పిల్లలు టపటపా దూకుతుంటే టెన్షన్ ఇంకా పెరిగేది. ఐలీన్ గురించి చదివింది ఆ రోజుల్లోనే.

ఆ ఆదివారం లోతు వైపు గట్టెక్కి నిలబడ్డాను. నీళ్లు తేటగా ఉన్నాయి, అడుగున నీలం టైల్స్ ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. దూకాను. అరచెయ్యి టైల్‌కు ఆనించి పైకి వచ్చాను. గట్టు పట్టుకుందామని చూస్తే, ఆ చెయ్యి గట్టిగా గుప్పిట మూసుకుని ఉంది.