ప్రార్థనకి డైస్ వేయొచ్చా? – మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేం ఆరుగురం, అందరం తెలుగువాళ్ళమే, మారతహళ్ళి చుట్టుపక్కల ఉద్యోగాలు. శనివారం సాయంత్రాలు ఎవరో ఒకరింట్లో కూర్చుని ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ గేమ్ ఆడతాం, అంటే ఒక్కొక్కరు ఒక పాత్రగా మారి డైస్ వేస్తూ ఆడే కథ, అందులో కథ నడిపించే గేమ్ మాస్టర్‌ని నేనే. కొత్త క్యాంపెయిన్‌కి, అంటే చాలా వారాలు సాగే కథకి, ఒక్కడే దేవుడు, దేవదూతలు, దయ్యాలు ఉండే లోకం రాస్తున్నా. మాలో చర్చికి వెళ్ళే ఒకతను బైబిల్లో మంత్రవిద్యే పాపం కదా, మరి హీరో మంత్రగాడెలా అవుతాడు అన్నాడు. ఇంకొకతనేమో పూజారి క్యారెక్టర్ చేసేవి కూడా మంత్రాలేగా, తేడా ఏముంది అంటాడు. ఇది రూల్స్‌లో ఎలా చూపించాలి? – ఒక గేమ్ మాస్టర్, బెంగళూరు

జవాబు: మీ ఫ్రెండ్స్ ఇద్దరూ అసలు విషయమే పట్టుకున్నారండీ. బైబిల్లోని నిర్గమకాండంలో మోషే అన్న అహరోను కర్ర పడేస్తే పాము అవుతుంది, ఐగుప్తు రాజు ఫరో దగ్గరున్న మంత్రగాళ్ళు పడేస్తే వాళ్ళ కర్రలూ పాములవుతాయి, పక్కన నిలబడి చూసేవాడికి రెండూ ఒకటే. ఆ తర్వాత అహరోను కర్ర వాళ్ళ కర్రల్ని మింగేస్తుంది. నీళ్ళు రక్తం చేయడం, కప్పల్ని రప్పించడం దాకా వాళ్ళూ చేశారు, దుమ్ము పేలుగా మారే దగ్గరికొచ్చేసరికి చేతకాక ఇది దేవుడి పనే అని ఫరోకి వాళ్ళే చెప్పేశారు. అంటే ఆ కథలో మంత్రం అబద్ధం అని ఎవరూ అనట్లేదు, ఆ శక్తి ఎవరిది, ఎవర్ని అడిగి తెచ్చుకున్నావు అన్నదే ప్రశ్న. మీ రూల్స్ కూడా అక్కడే మొదలవ్వాలని నా గట్టి అభిప్రాయం.

ఇలాంటి ఆటల్లో బాగా పేరున్న డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చింది, 1978 నాటి దాని ప్లేయర్ల రూల్‌బుక్‌లో పూజారి క్యారెక్టర్‌కి కర్రల్ని పాములు చేయడం, నీళ్ళని చీల్చడం, పురుగుల దండుని రప్పించడం లాంటి స్పెల్స్ ఉంటాయి, చూడగానే మోషే కథ గుర్తొస్తుంది. కానీ అవి కూడా మంత్రగాడి స్పెల్స్‌లాగే లెవెల్‌కి ఇన్ని, రోజుకి ఇన్ని అని లెక్కకి కట్టేశారు, దాంతో అడగడానికీ ఆజ్ఞాపించడానికీ మధ్య తేడా పోయింది. మన టేబుల్ దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. మనం పెరిగిన కథల్లో హిరణ్యకశిపుడు ఘోరమైన తపస్సు చేస్తే బ్రహ్మ వచ్చి వరమిచ్చి తీరాలి, వాడు మంచోడా చెడ్డోడా అన్నది తర్వాత సంగతి, కష్టపడ్డాడు కాబట్టి శక్తి వచ్చింది. లెవెల్ పెరిగితే పవర్ పెరగడం మనవాళ్ళకి ఇంత సహజంగా అనిపించేది అందుకే అనుకుంటా. మీరు రాస్తున్న లోకంలో మాత్రం దేవుడి శక్తిని సంపాదించుకోవడం కుదరదు. బైబిల్లోని అపొస్తలుల కార్యాల్లో సీమోను అనే గారడీవాడు డబ్బిచ్చి ఆ శక్తి కొనుక్కుందామని చూస్తే యేసు శిష్యుడు పేతురు ఎంత గట్టిగా తిట్టాడో చదవండి. అదే పుస్తకంలో స్కెవ అనే యాజకుడి ఏడుగురు కొడుకులు యేసు పేరుని మంత్రంలా వాడి దయ్యాన్ని వెళ్ళగొట్టబోతే, యేసు తెలుసు, పౌలు తెలుసు, మీరెవరు అని ఆ దయ్యం పట్టినవాడు మీదపడి కొడితే గాయాలతో బట్టల్లేకుండా పారిపోయారు. మీ ఆటలో ఇది ఒక సెషన్‌కి సరిపోయే సీను.

ఇక రూల్ సంగతి. ప్రార్థనకి రోజుకి ఇన్ని అనే లెక్క తీసేయండి, ప్లేయర్ ఎన్నిసార్లయినా అడగొచ్చు, కానీ జవాబు వాడి చేతిలో ఉండదు, డైస్ పడ్డాక కూడా ఏ రూపంలో వస్తుందో మీరే చెప్తారు, ఒక్కోసారి మౌనమే రావచ్చు. నిషిద్ధ మంత్రానికి మాత్రం అసలు డైస్ వద్దు, అది ఎప్పుడూ పనిచేయాలి, అడిగింది అడిగినట్టు జరగాలి. ఎర అదే కదా. బైబిల్లో ఇశ్రాయేలు రాజు సౌలు కథ గుర్తు తెచ్చుకోండి, చచ్చినవాళ్ళని పిలిచే సోదెగాళ్ళని దేశంలోంచి వెళ్ళగొట్టింది తనే, ఫిలిష్తీయుల దండు ముందుకొచ్చి నిలబడ్డ రోజున దేవుణ్ణి అడిగితే కలలోనూ జవాబు లేదు, ప్రవక్తల ద్వారానూ లేదు, అప్పుడు మారువేషం వేసుకుని రాత్రిపూట ఏన్దోరులో ఉన్న అలాంటి సోదె స్త్రీ దగ్గరికే వెళ్ళి చచ్చిపోయిన సమూయేలు ప్రవక్తని పిలిపించుకున్నాడు. సమూయేలు వచ్చాడు కూడా, వచ్చి రేపు నువ్వూ నీ కొడుకులూ చస్తారని చెప్పాడు. ప్రార్థన ఫెయిలైన ప్రతిసారీ ఇలాంటి రెండో తలుపు ఒకటి దగ్గర్లో తెరిచి పెట్టండి, ఎవరినీ అటు తోయకండి, వెళ్ళినవాళ్ళ క్యారెక్టర్ వివరాలుండే షీట్ మీద ఒక గుర్తు పెట్టుకోండి, అది దేనికో ముందే చెప్పొద్దు.

హీరో మంత్రగాడు కావాలంటే బైబిల్లో దానియేలుని చూడండి. బబులోనువాళ్ళ విద్యంతా నేర్చుకున్నాడు, అక్కడి జ్ఞానులకి పెద్ద అయ్యాడు, రాజు కల చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం ఇది నా తెలివి కాదు, దేవుడు బయటపెట్టాడు అన్నాడు. నక్షత్రాలు, మూలికలు, భాషలు, కలలు ఇవన్నీ చదువుగా పెట్టి, అదృశ్య శక్తుల్ని పిలిచి పని చేయించుకోవడం దగ్గర గీత గీస్తే మీ మంత్రగాడు హాయిగా బతుకుతాడు.

ప్రశ్న: మా క్యాంపెయిన్ చివర్లో సాతానుతోనే ఫైట్ పెడదామనుకుంటున్నా. ఎన్ని హిట్ పాయింట్స్ (ఎంత దెబ్బ తగిలితే చస్తాడన్న లెక్క) ఇస్తే బాగుంటుంది? – వేళచ్చేరి, చెన్నై

జవాబు: హిట్ పాయింట్స్ ఇవ్వకండి. ఇచ్చారంటే వాడు దేవుడికి పోటీగా నిలబడ్డ ఇంకో దేవుడైపోతాడు, ఆ నమ్మకం వేరే, పర్షియాలో మానీ అనే ప్రవక్త పెట్టిన మతంలో వెలుగూ చీకటీ మొదట్నుంచీ రెండు వేర్వేరు రాజ్యాలు. క్రైస్తవ తత్వవేత్త అగస్టీన్ యవ్వనంలో కొన్నేళ్ళు ఆ మతంలోనే ఉండి, బయటికొచ్చాక చెడు అనేది సొంతంగా ఉండే వస్తువు కాదు, మంచి లేకపోవడమే, మంచి పాడవడమే అని రాశాడు. యోబు గ్రంథంలో అయితే సాతాను దేవుడి సభలోకొచ్చి నేరం మోపేవాడు, అనుమతి ఇచ్చిన మేరకే చేయగలడు. దీన్ని ఆటలోకి తెస్తే చాలా బలమైన రూల్ దొరుకుతుంది: మీ దయ్యాలు కొత్తగా ఏదీ తయారు చేయలేవు. వాటి కోట ఒకప్పటి గుడి, వాటి సైన్యం ఒకప్పటి ఊరు, వాటి పాట ఎవరో పాడిన జోలపాటని వంకర చేసింది. ప్లేయర్లకి ఇది మెల్లగా అర్థమవుతున్నప్పుడు వచ్చే వణుకు ఎంత పెద్ద రాక్షసుణ్ణి దింపినా రాదు.

చివరి సీనుకి సువార్తల్లో అరణ్యంలో సాతాను యేసుని పరీక్షించిన ఘట్టం చదవండి, అక్కడ వాడు కొట్లాడడు, ఆఫర్ ఇస్తాడు, ఆకలితో ఉన్నవాడికి రొట్టె, తర్వాత లోక రాజ్యాలన్నీ. మీ ప్లేయర్లు మొదటిరోజు రాసిచ్చిన బ్యాక్‌స్టోరీల్లో పోగొట్టుకున్న చెల్లెలు, తీరని అప్పు, తండ్రి మెప్పు లాంటివి ఉంటాయి కదా, ఒక్కొక్కరికి అదే ఎదురుగా పెట్టి తీసుకుంటావా అని అడిగించండి.

ప్రశ్న: యూదుల కథల్లో మట్టితో చేసి ప్రాణం పోసిన మనిషి గోలెంని, దయ్యాల్ని లొంగదీసే సొలొమోను ఉంగరాన్ని కూడా వాడొచ్చా?

జవాబు: వాడొచ్చు, కానీ యూదు, క్రైస్తవ అని కలిపి ఒకే మూటగా కట్టేయకండి. యూదుల ధర్మగ్రంథం తాల్ముద్‌లో రవా అనే రబ్బీ (యూదు గురువు) ఒక మనిషిని తయారు చేశాడని, అతనికి మాట రాలేదని ఉంటుంది, సొలొమోను దయ్యాల రాజు అష్మెదాయిని బంధించి మందిరం పనికి వాడుకున్న కథ కూడా అందులోదే. అక్కడ దయ్యాలంటే నరకం సైనికులు మాత్రమే కాదు, బేరమాడతాయి, వాదిస్తాయి, ఒక్కోసారి నిజం చెప్తాయి. మనిషి లోపలుండే చెడు ప్రేరణకి బయటి సాతాను కన్నా ఎక్కువ చోటు ఇచ్చిన సంప్రదాయం అది, మీ గోలెం కథ దాన్ని చేసినవాడి మనసు గురించి అయితే చాలా బాగుంటుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం, స్నేహితులతో ఈ ఆట ఆడుతున్నాడు. ఇది దయ్యాల ఆట అని మా చర్చిలో ఒకావిడ అన్నారు. నాకు భయంగా ఉంది. – ఒక తల్లి, కె.ఆర్.పురం

జవాబు: అమ్మా, మీ భయం కొట్టిపారేసేది కాదు, మంత్రవిద్యనీ ఆత్మల్ని పిలవడాన్నీ నిషేధించే ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం చదువుకున్నవాళ్ళు అలా అడగడం న్యాయమే. కానీ ఈ ఆటలో ఎవరూ ఏ ఆత్మనీ పిలవరు. నా క్యారెక్టర్ తలుపు తీస్తున్నాడు అని ఒకరంటారు, డైస్ వేస్తారు, ఏం జరిగిందో గేమ్ మాస్టర్ చెప్తాడు, అంతే. అమెరికాలో 1980ల్లో ఇదే భయం పెద్ద ఎత్తున నడిచింది, ఆ ఒత్తిడికి 1989లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ రెండో ఎడిషన్‌లో దయ్యాలకి కల్పిత పేర్లు పెట్టేశారు. 1984లోనే డ్రాగన్‌రెయిడ్ అని క్రైస్తవుల కోసం ఇంకో రోల్‌ప్లేయింగ్ గేమ్ వచ్చింది, అందులో ఆడేవాళ్ళు బైబిల్ వాక్యాలు కంఠస్థం చేయాలి. ఈసారి మీ ఇంట్లోనే ఆడమనండి, పక్కన కూర్చుని వినండి, ఏది నచ్చలేదో సూటిగా చెప్పండి. గేమ్ మాస్టర్లకి కూడా ఒక మాట, టేబుల్ దగ్గర నమ్మినవాళ్ళున్నప్పుడు నిజమైన ప్రార్థనలు, ప్రభురాత్రి భోజనం, యేసు పేరు ఆటలోకి లాగొద్దు, కల్పిత పేర్లు పెట్టుకోండి, ఎవరికి ఏది బాధో మొదటి సెషన్‌కి ముందే అడగండి.

ప్రశ్న: మంత్రగత్తెని పట్టుకుని కాల్చేయడం అనే క్వెస్ట్ రాశా. ఒక ప్లేయర్ ఆడనంటోంది. తప్పేముంది? – హెచ్ఎస్ఆర్ లేఅవుట్

జవాబు: ఆమె మాట వినండి. 10వ శతాబ్దం నాటి చర్చి శాసనం ఒకటి, ఆడవాళ్ళు రాత్రిపూట గాల్లో ఎగిరి వెళ్తారన్నది భ్రమ అని, అది నిజమని నమ్మడమే తప్పని చెప్పింది. 1480ల్లో మంత్రగత్తెల్ని ఎలా పట్టుకోవాలో నేర్పే పుస్తకం అచ్చయింది, తర్వాతి శతాబ్దాల్లో యూరప్‌లో 40,000 నుంచి 60,000 మందిని చంపారని చరిత్రకారుల అంచనా, ఎక్కువమంది ఆడవాళ్ళే. ఇది మనకి దూరం కథ కాదు, బాణామతి, చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు తెలుగు పేపర్లలో ఇప్పటికీ వస్తున్నాయి, మనం ఉంటున్న కర్ణాటకలో చేతబడి పేరుతో జరిగే అమానుషాల మీద 2017లో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. మీ క్వెస్ట్‌ని అలాగే ఉంచి మొదటి సీను మార్చండి: ఊళ్ళో పసిపిల్లలు చనిపోతున్నారు, ఊరంతా ఒక ముసలామె ఇంటి ముందు చేరింది, ఆమె పొలం మీద ఊరిపెద్దకి ఎప్పట్నుంచో కన్నుంది, దయ్యం నిజంగానే ఆ ఊళ్ళో ఉంది కానీ ఆ ఇంట్లో లేదు. ఆడనన్న ప్లేయర్‌ని ఆ ముసలామె మనవరాలి పాత్ర తీసుకుంటావా అని అడిగి చూడండి.