అడగండి, చెబుతా: ఒకే తెల్లవారుజామున

ప్ర: మా తాత రంగం (రంగూన్) రేవులో కూలి చేసినవాడు. అందుకే బర్మా వార్త ఏదొచ్చినా మా ఇంట్లో చెవి అటే పోతుంది. 2023లో ‘1027’ అనే దాడితో మూడు దళాలు అక్కడి సైన్యాన్ని తరిమేశాయట. అంత పెద్ద సైన్యం అంత తేలిగ్గా ఎలా చిత్తయింది?
– ఒక పాఠకుడు, టెక్కలి

జ: 1027 అంటే తారీఖు. పదో నెల, 27వ తేదీ. ఆ తెల్లవారుజామున చైనా సరిహద్దునున్న ఉత్తర షాన్ రాష్ట్రంలో అక్కడి మూడు జాతుల తిరుగుబాటు సైన్యాలు – కోకాంగ్ దళం, పలౌంగ్ దళం, అరకాన్ ఆర్మీ – కలిసి చిన్‌ష్వేహా, కుట్‌కాయ్, లాషియో వంటి ఎన్నోచోట్ల ఒక్కసారే విరుచుకుపడ్డాయి.

‘తేలిగ్గా’ అన్నారే, అక్కడే నాకు పేచీ. నేను అస్సాం రైఫిల్స్‌లో ఉండగా మిజోరం సరిహద్దు పోస్టుల్లో పనిచేశాను. కొండమీద పోస్టంటే గుప్పెడు మంది. నీళ్ళు కింద వాగు నుంచి రావాలి, రేషన్ రోడ్డు మీద రావాలి. మీద పడితే పక్క పోస్టువాడు వస్తాడన్న ధైర్యంతోనే రాత్రిళ్ళు కన్ను మూస్తాం. ఆ పక్కవాడి మీదా అదే గంటలో దాడి జరిగితే? అక్కడ జరిగింది అదే. పైగా ఆ ప్రాంతం సైన్యానికి మాండలే నుంచి లాషియో మీదుగా ‘మూసే’ అనే సరిహద్దు పట్టణానికి వెళ్ళే రోడ్డే ప్రాణం. తిరుగుబాటుదారులు ముందు రోడ్లను, వంతెనలను తెంపారు. పైనుంచి డ్రోన్లతో బాంబులు జారవిడిచారు. పెళ్ళిళ్ళలో ఫోటోలు తీసే రకం డ్రోనే, కాస్త పెద్దది.

అక్కడితో ఆగలేదు. నవంబరు 11న కాయా రాష్ట్రంలో లొయ్‌కా మీద వేరే దళాలు దిగాయి. 13న అరకాన్ ఆర్మీ పడమటి తీరాన తన సొంత రఖైన్ రాష్ట్రంలో ఇంకో వైపు తెరిచింది. అదే వారం చిన్ రాష్ట్రపు దళాలు మన మిజోరంలోని జొఖాథర్ ఎదురుగా ఉన్న పోస్టులు పట్టుకుంటే, బర్మా సిపాయిలు సరిహద్దున ఉన్న తియావ్ వాగు దాటి మన వైపు పరుగెత్తుకొచ్చారు. ఆ వాగులో నేను చేపలు పట్టాను. వార్త చదువుతుంటే కాళ్ళకు నీళ్ళు తగిలినట్టే ఉంది.

2024 జనవరి మొదటి వారంలో కోకాంగ్ ప్రాంతపు లౌకాయ్ పట్టణంలో రెండు వేలమందికి పైగా సైనికులు లొంగిపోయారు. వాళ్ళలో ఆరుగురు బ్రిగేడియర్ జనరల్స్! మా పోస్టుకు ఒక్క బ్రిగేడియర్ వస్తున్నాడంటేనే వారం రోజులు రాళ్ళకు సున్నం కొట్టేవాళ్ళం.

ప్ర: కోకాంగ్ దళం అంత కష్టపడి గెలిచిన లాషియోను మళ్ళీ సైన్యానికి ఎందుకు అప్పగించింది?
– ఒక పాఠకురాలు, వరంగల్

జ: చైనా గేటు మూసింది కాబట్టి. మొదట్లో చైనా చూసీచూడనట్టు ఊరుకుంది. లౌకాయ్‌లోని సైబర్ మోసాల డెన్‌లు చైనావాళ్ళనే దోచుకుంటున్నాయి, వాటిని ఊడ్చేస్తామని ఈ మూడు దళాల కూటమి ముందే ప్రకటించింది. (ఉద్యోగమని నమ్మి మన తెలుగు కుర్రాళ్ళు కొందరు ఇరుక్కున్న, థాయ్ సరిహద్దున మ్యావడీ దగ్గరి డెన్‌లు వేరు.) కానీ 2024 ఆగస్టులో లాషియోలోని సైన్యపు ఈశాన్య కమాండ్ కేంద్రమే కోకాంగ్ దళం చేతికి చిక్కింది. ప్రాంతీయ కమాండ్ ఒకటి సైన్యం చేజారడం ఆ దేశ చరిత్రలో అదే మొదలు. బీజింగ్‌కు గుబులు పుట్టింది. సరిహద్దు మూసి, ఆ దళం గుప్పిట్లోని కోకాంగ్ ప్రాంతానికి కరెంటు ఆపింది. బియ్యం, పెట్రోలు, మందులు అన్నీ ఆ గేటులోంచే రావాలి. 2025 ఏప్రిల్‌లో ఊరు తిరిగి సైన్యానికి దక్కింది. కోకాంగ్ వాళ్ళను తప్పుపట్టలేను.

ప్ర: ఈ గొడవలో మన దేశానికి పోయేదేమైనా ఉందా?
– ఒక విద్యార్థి, విజయవాడ

జ: కలాదాన్ దారి ఉంది. రఖైన్ తీరాన ఉన్న సిత్వే రేవు నుంచి నదిమీద పాలెత్వా పట్టణం దాకా, అక్కడి నుంచి రోడ్డున మిజోరానికి సరుకు తేవాలని మన ప్రభుత్వం కట్టిస్తున్న మార్గం. 2024 జనవరిలో పాలెత్వాను అరకాన్ ఆర్మీ పట్టింది. డిసెంబరులో రఖైన్‌లోని ‘ఆన్’ పట్టణంలో ఉన్న సైన్యపు పశ్చిమ కమాండ్‌నూ పట్టింది. సిత్వే మాత్రం దానికి చిక్కలేదు. అంటే రేవు గురించి మాట్లాడాలంటే బర్మా సైన్యపు జనరళ్ళతో, రోడ్డు గురించి మాట్లాడాలంటే వాళ్ళ శత్రువులతో.