వాషింగ్టన్‌లోని డన్‌బార్ హైస్కూలుకు అంత పేరెలా వచ్చింది?

అమెరికాలో నల్లజాతి పిల్లల కోసం పెట్టిన మొట్టమొదటి ప్రభుత్వ హైస్కూలు ఇదే. 1870లో ఒక చర్చి నేలమాళిగలో మొదలైంది. 1891లో ఎం స్ట్రీట్‌లోని భవనానికి మారాక వీధి పేరే బడి పేరైంది. 1916లో మరో కొత్త భవనం కట్టి, కవి పాల్ లారెన్స్ డన్‌బార్ పేరు పెట్టారు.

కానీ పేరు తెచ్చింది గోడలు కాదు, టీచర్లు. ఎంత చదివినా నల్లవాళ్లను తెల్లవాళ్ల యూనివర్సిటీలు ఉద్యోగంలోకి రానిచ్చేవి కావు. అందుకే హార్వర్డ్‌లో పీహెచ్‌డీ చేసిన చరిత్రకారుడు కార్టర్ వుడ్‌సన్ లాంటివారు ఇక్కడ హైస్కూలు పిల్లలకు పాఠాలు చెప్పారు. బానిసగా పుట్టిన ఆనా జూలియా కూపర్ 1902లో ప్రిన్సిపాల్ అయ్యారు. చేతిపనులు నేర్పితే చాలని పైవాళ్లు అంటున్నా, ఆవిడ లాటిన్‌తో సహా కాలేజీ చదువుకు కావలసినవన్నీ చెప్పించారు. (ఆ మొండితనానికి 1906లో పదవి పోయిందనుకోండి!) రక్త ప్లాస్మా నిల్వపై పనిచేసిన చార్లెస్ డ్రూ, సెనేటర్ ఎడ్వర్డ్ బ్రూక్ ఈ బడిలో చదివినవాళ్లే.

1954లో జాతులవారీ బడులు చెల్లవని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అంతవరకూ ఊరంతటి నుంచీ నల్లజాతి పిల్లలు ఈ బడికొచ్చేవారు. ఆ తర్వాత చుట్టుపక్కల పేటల బడిగా మిగిలింది. 1916 నాటి భవనాన్ని 1970ల్లో కూల్చేశారు. ఇప్పుడున్నది 2013లో తెరిచారు.